హార్డ్‌వేర్ వాలెట్‌తో లాగిన్: సంతకం దేనికి సాక్ష్యం, దేనికి కాదు

క్రిప్టోకరెన్సీ యాప్‌లలోకి పాస్‌వర్డ్ లేకుండా, అరచేతిలో ఇమిడే చిన్న పరికరం మీద మీట నొక్కి ప్రవేశించే పద్ధతి కొన్నేళ్లుగా విస్తరిస్తోంది. ‘హార్డ్‌వేర్ వాలెట్ లాగిన్’గా వ్యవహరిస్తున్న ఈ విధానంలో వినియోగదారు రహస్యం ఏదీ సర్వర్‌కు చేరదు. సర్వర్‌లోకి దొంగలు చొరబడినా అక్కడ ఎత్తుకుపోవడానికి పాస్‌వర్డ్‌లు ఉండవు. ఈ కారణంగానే దీనిని అత్యంత భద్రమైన ప్రవేశ మార్గంగా పలువురు పరిగణిస్తున్నారు. కాగా 2024 జులై 18న భారతీయ ఎక్స్ఛేంజ్ వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన ఆస్తులు తరలిపోయినప్పుడు, ఆ లావాదేవీపై ఆ సంస్థ ప్రతినిధులు చేసిన సంతకాలు హార్డ్‌వేర్ వాలెట్లతో చేసినవే. ఏ పరికరం నుంచీ తాళంచెవి బయటకు పొక్కలేదు. పరికరాలు తమ పని తాము సక్రమంగానే చేశాయి.

ఈ వైరుధ్యం అర్థం కావాలంటే, లాగిన్ సమయంలో ఆ పరికరం నిజంగా ఏం ధ్రువీకరిస్తుందో తెలుసుకోవాలి.

వాలెట్‌లో ఉండేదేమిటి

పేరు వాలెట్టే అయినా ఇందులో నాణేలు ఉండవు. బిట్‌కాయిన్, ఇథర్ వంటివన్నీ బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి చిట్టాలో నమోదై ఉంటాయి. వాటిని కదిలించే అధికారం ఉన్న ప్రైవేట్ కీ, అంటే అతిపెద్ద రహస్య సంఖ్య, మాత్రమే పరికరంలో ఉంటుంది. దానిని బయటకు పంపకుండా, దానితో సంతకాలు మాత్రం చేసి ఇవ్వడమే పరికరం పని. చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌కు చెందిన సతోషిల్యాబ్స్ 2014లో విడుదల చేసిన ట్రెజర్ ఈ కోవలో తొలితరం పరికరం. అదే ఏడాది ఫ్రాన్స్‌లో ఏర్పాటైన లెడ్జర్ సంస్థ తరువాతి కాలంలో ప్రధాన పోటీదారుగా ఎదిగింది.

‘సంతకం’ అనే మాట ఇక్కడ కొంత తప్పుదోవ పట్టిస్తుంది. దానికి పాత తెలుగు మాట చేవ్రాలు. అందులో చెయ్యి ఉంది, వ్రాత ఉంది. చేతిసంతకం ఏ కాగితం మీదైనా ఒకేలా ఉండాలి. అలా ఉంటేనే బ్యాంకు గుమాస్తా అంగీకరిస్తాడు. డిజిటల్ సంతకం సంగతి వేరు. అది సందేశంలోని ప్రతి అక్షరం మీద ఆధారపడి పుడుతుంది. సందేశంలో ఒక్క చుక్క మారినా పాత సంతకం చెల్లదు. ఒక కాగితం మీది సంతకాన్ని మరో కాగితం మీద అతికించడం ఇక్కడ సాధ్యం కాదు. అయితే సంతకందారు సందేశాన్ని చదివాడా, దాని భావం గ్రహించాడా అన్న విషయాన్ని మాత్రం ఆ గణితం ఏ విధంగానూ చెప్పలేదు. మన ఊళ్లలో ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయించుకున్న వడ్డీ వ్యాపారుల కథల్లోనూ వేలిముద్ర అసలైనదే.

లాగిన్ ఎలా జరుగుతుంది

ఇథీరియం ఆధారిత యాప్‌లలో ప్రస్తుతం అధికంగా అనుసరిస్తున్న ప్రమాణం ‘సైన్ ఇన్ విత్ ఇథీరియం’. 2021 అక్టోబర్‌లో దీనిని ఈఐపీ-4361 పేరిట ప్రతిపాదించారు. ప్రక్రియ ఇలా సాగుతుంది. వినియోగదారు తన ఖాతా చిరునామాను యాప్‌కు తెలియజేస్తాడు. సర్వర్ అప్పటికప్పుడు ఒక యాదృచ్ఛిక సంకేతాన్ని సృష్టించి పంపుతుంది. సాంకేతిక పరిభాషలో దీన్ని ‘నాన్స్’ అంటారు. కనీసం 8 అక్షరాలు లేదా అంకెలు ఉండాలన్నది నియమం. ఈ సంకేతాన్ని చేర్చి యాప్ ఒక సందేశాన్ని కూరుస్తుంది. ఫలానా డొమైన్ మీ ఫలానా ఖాతాతో ప్రవేశం కోరుతోంది అని ఆ సందేశం మొదలవుతుంది. వెబ్ చిరునామా, చెయిన్ సంఖ్య, జారీ అయిన సమయం అందులో విధిగా ఉంటాయి. గడువు ముగిసే సమయాన్ని కూడా చేర్చవచ్చు. పరికరం తెర మీద ఆ సందేశం కనిపిస్తుంది. వినియోగదారు మీట నొక్కితే 65 బైట్ల సంతకం వెలువడుతుంది.

సంతకాన్ని, సందేశాన్ని జోడించి లెక్కిస్తే, సంతకం చేసిన ఖాతా చిరునామా ఏదో గణితమే తేల్చి చెబుతుంది. అది మొదట చెప్పిన చిరునామాతో సరిపోలితే సర్వర్ తలుపు తీస్తుంది.

వినడానికి ఇంత తేలికగా ఉన్న ప్రక్రియలో డెవలపర్లు పొరబడే చోట్లు చాలానే ఉన్నాయి. వాటిలో అతి పెద్దది, వాలెట్‌ను ‘కనెక్ట్’ చేయడమే లాగిన్ అనుకోవడం. కనెక్ట్ చేసినప్పుడు యాప్‌కు అందేది చిరునామా మాత్రమే. చిరునామా బహిరంగ సమాచారం. ఎవరి చిరునామానైనా ఎవరైనా ప్రకటించుకోవచ్చు. సంతకం అడగకుండా, బ్రౌజర్ చెప్పిన చిరునామాను నమ్మి ఖాతా వివరాలు చూపించే యాప్, పేరు చెప్పినంత మాత్రాన తాళం తీసే కాపలాదారుతో సమానం. సంతకాన్ని బ్రౌజర్‌లోనే సరిచూసి ‘సరే’ అన్న ఒక్క మాటను సర్వర్‌కు పంపే యాప్‌లదీ ఇదే బలహీనత. తనిఖీ సర్వర్‌లోనే జరగాలి.

రెండోది నాన్స్ విషయం. ఒకసారి వాడిన సంకేతాన్ని సర్వర్ వెంటనే చెరిపివేయకపోతే, ఎక్కడో చిక్కిన పాత సంతకంతోనే మరొకరు లోపలికి రావచ్చు. మూడోది డొమైన్. సందేశంలోని డొమైన్ తనదేనా అని సర్వర్ పరిశీలించకపోతే, ఒక నకిలీ సైట్ తన పేరిట సేకరించిన సంతకాన్ని అసలు సైట్‌లో వాడుకునే వీలు ఏర్పడుతుంది. నాలుగో సంగతి కొంత కొత్తది. ఇప్పుడు పలువురు సాధారణ ఖాతాలకు బదులు స్మార్ట్ కాంట్రాక్టునే వాలెట్‌గా వాడుతున్నారు. వాటికి ప్రైవేట్ కీ ఉండదు కనుక సంతకం నుంచి చిరునామా రాబట్టే పద్ధతి పనిచేయదు. ఈఐపీ-1271 ప్రకారం ఆ కాంట్రాక్టునే అడిగి తెలుసుకోవాలి. దీన్ని పట్టించుకోని యాప్‌లు సక్రమమైన వినియోగదారులనే గుమ్మం దగ్గర ఆపేస్తున్నాయి.

ట్రెజర్ ఎంచుకున్న దారి

ఖాతా చిరునామాతో లాగిన్ అవడంలో ఒక ఇబ్బంది ఉంది. చిరునామా తెలిస్తే నిల్వ తెలుస్తుంది, పాత లావాదేవీలన్నీ తెలుస్తాయి. దుకాణంలో అడుగు పెట్టగానే బ్యాంకు పాస్‌బుక్ బల్ల మీద పెట్టినట్లే. ట్రెజర్ రూపకర్తలు దీనికి భిన్నమైన పరిష్కారాన్ని స్లిప్-13 అనే పత్రంలో ప్రతిపాదించారు. దాని ప్రకారం లాగిన్ కోసం వాడే కీ, డబ్బును కాపాడే కీ వేరువేరు. వెబ్‌సైట్ చిరునామాను హ్యాష్ చేసి, ఆ ఫలితం ఆధారంగా పరికరం ప్రతి సైట్‌కూ ప్రత్యేకమైన కీని రూపొందిస్తుంది. అందువల్ల రెండు సైట్లు తమ రికార్డులను కలిపి చూసుకున్నా ఇద్దరూ ఒకరేనని కనిపెట్టలేవు. నకిలీ సైట్‌కు చిరునామా వేరు కనుక, అక్కడ పుట్టే కీ కూడా వేరే. ఆ సంతకం అసలు సైట్‌లో పనికిరాదు.

ఈ పద్ధతిలో సర్వర్ రెండు సవాళ్లు పంపుతుంది. ఒకటి గుప్త సవాలు. ఇది ప్రతిసారీ మారే యాదృచ్ఛిక సంఖ్య, మనిషికి కనిపించదు. మరొకటి దృశ్య సవాలు. ఇది పరికరం తెర మీద చదవడానికి వీలుగా కనిపించే పాఠం. రెండింటి హ్యాష్‌లనూ కలిపి పరికరం సంతకం చేస్తుంది. సర్వర్ మొదటిసారి పబ్లిక్ కీని భద్రపరచుకుని, తరువాతి నుంచి దానితో పోల్చి చూస్తుంది. సైట్ నేరుగా పరికరంతో మాట్లాడదు. ట్రెజర్ కనెక్ట్ అనే మధ్యవర్తి కిటికీ తెరుచుకుని వినియోగదారు అనుమతి తీసుకుంటుంది. రూపకల్పన పరంగా ఇది ఇథీరియం ప్రమాణం కన్నా పొందికైనదని చెప్పాలి. అయితే ఒక తయారీదారుతో ముడిపడి ఉండటం, క్రిప్టో యాప్‌లకు లాగిన్‌తో పాటు ఖాతా చిరునామా కూడా ఎలాగూ అవసరం కావడంతో విస్తృత ఆదరణ మాత్రం ఇథీరియం పద్ధతికే దక్కింది.

తీగ, బ్రౌజర్, దారి తప్పిన చిరునామాలు

పరికరంతో వెబ్ పేజీ మాట్లాడాలంటే బ్రౌజర్ సహకరించాలి. గూగుల్ క్రోమ్ 2017లో వెబ్‌యూఎస్‌బీని, 2021లో వెబ్‌హెచ్‌ఐడీని అందుబాటులోకి తెచ్చింది. సఫారీ, ఫైర్‌ఫాక్స్ వెబ్‌యూఎస్‌బీని స్వీకరించలేదు. ఫలితంగా ఐఫోన్ బ్రౌజర్‌లో యూఎస్‌బీ మార్గం లేదు. బ్లూటూత్ ఉన్న పరికరాలను ఆయా సంస్థల మొబైల్ యాప్‌ల ద్వారా వాడుకోవాలి. మరో నియమం కూడా ఉంది: వినియోగదారు బటన్ నొక్కకుండా పేజీ తనంతట తాను పరికరాన్ని వెతకడానికి బ్రౌజర్ అనుమతించదు. పరికరం తాళం వేసి ఉండటం, లెడ్జర్‌లో ఇథీరియం యాప్ తెరవకుండా బిట్‌కాయిన్ యాప్ తెరిచి ఉండటం వంటి చిన్న కారణాలన్నింటికీ ‘లాగిన్ విఫలమైంది’ అని ఒకే మాట చూపే యాప్‌లు అనేకం. ఏది తెరవాలో ఒక్క వాక్యంలో చెబితే సగం ఫిర్యాదులు ఉండవు.

అంతకన్నా గాభరా పెట్టే సమస్య డెరివేషన్ పాత్‌ది. ఒకే మూల రహస్యం నుంచి లెక్కలేనన్ని కీలను పుట్టించే విధానాన్ని 2012లో పీటర్ వ్యూల్ బిప్-32గా ప్రతిపాదించారు. 2014 నాటి బిప్-44 ఆ కొమ్మల్లో ఏ నాణేనికి ఏ దారో వర్గీకరించింది. ఇథీరియానికి కేటాయించిన సంఖ్య 60. అయితే రెండో ఖాతా, మూడో ఖాతా కావాలన్నప్పుడు ఏ స్థానంలోని అంకెను పెంచాలనే విషయంలో సంస్థలు తలోదారి పట్టాయి. ట్రెజర్ చివరి అంకెను పెంచుతుంది; లెడ్జర్ లైవ్ మధ్యలోని ఖాతా అంకెను పెంచుతుంది; పాత మైఇథర్‌వాలెట్ పద్ధతి మరొకటి. అదే పరికరం, అవే రహస్య పదాలు. యాప్ ఎంచుకున్న దారి వేరైతే కనిపించేది ఖాళీ ఖాతా! డబ్బు పోయిందని వినియోగదారు హడలిపోయేది ఇక్కడే. ఆ ఆందోళనలో ఆన్‌లైన్‌లో సాయం వెతుక్కునే వారి కోసమే ‘సహాయక సిబ్బంది’ వేషంలో మోసగాళ్లు కాచుకుని ఉంటారు. అన్ని ప్రధాన దారులనూ చూపి ఎంచుకోమనడం యాప్ బాధ్యత.

సంతకం ముసుగులో

లాగిన్ సందేశం, డబ్బు పంపే లావాదేవీ రెండూ ఒకే కీతో సంతకమైతే, ఒకదాన్ని మరొకటిగా నమ్మించవచ్చు కదా అన్న సందేహం సహజం. దీన్ని నివారించడానికే ఈఐపీ-191 ప్రకారం, సంతకం చేసే ప్రతి సందేశానికీ ముందు ‘ఇథీరియం సైన్డ్ మెసేజ్’ అనే నిర్ణీత పాఠాన్ని చేరుస్తారు. ఆ పాఠం ఉన్నది లావాదేవీగా ఎన్నటికీ చెల్లదు. కనుక సాధారణ లాగిన్ సంతకంతో నేరుగా డబ్బు పోదు.

ప్రమాదం మరో తలుపు నుంచి వస్తుంది. ఈఐపీ-712 ప్రకారం వరుసల్లో అమర్చిన సమాచారం మీద కూడా సంతకం చేయవచ్చు. ‘పర్మిట్’ అనే రకం సంతకం ఇలాంటిదే. నా టోకెన్లను ఫలానా చిరునామా వాడుకోవచ్చు అని ముందస్తు అనుమతి ఇచ్చే పత్రమది. దీనికి ఫీజు ఉండదు, బ్లాక్‌చెయిన్‌లో ఆ క్షణాన ఏమీ నమోదు కాదు. చూడటానికి అచ్చం లాగిన్‌లాగే ఉంటుంది. ‘ఫీజు అడగలేదు, కాబట్టి ప్రమాదం లేదు’ అన్న ప్రచారం ఎంత తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది. లాగిన్ పేరిట వచ్చిన సందేశంలో సొమ్ము, గరిష్ఠ పరిమితి, అనుమతి పొందే చిరునామా వంటివి కనిపిస్తే అది లాగిన్ కాదు.

పరికరం తెర ఇదంతా చూపగలిగితే మేలే. చూపలేనప్పుడు హ్యాష్ అనే అర్థంకాని అక్షరమాలను మాత్రమే చూపి, నొక్కమంటుంది. దీనికే ‘బ్లైండ్ సైనింగ్’, గుడ్డి సంతకం, అని పేరు. వజీర్‌ఎక్స్ వ్యవహారంలో జరిగింది ఈ కోవలోదే. ఆ వాలెట్‌కు ఆరుగురు సంతకందారులు ఉన్నారు. ఐదుగురు వజీర్‌ఎక్స్ వారు, ఒకరు కస్టడీ సంస్థ లిమినల్ తరఫు. వజీర్‌ఎక్స్ తరఫున ముగ్గురు, ఆపై లిమినల్ ఆమోదించాలి. లిమినల్ తెర మీద కనిపించిన వివరాలకూ, వాస్తవంగా సంతకమైన వాటికీ పొంతన లేదని వజీర్‌ఎక్స్ ప్రకటించింది. లోపం తమ వ్యవస్థలో లేదని లిమినల్ తోసిపుచ్చింది. 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా సంయుక్త ప్రకటన ఈ దాడిని ఉత్తర కొరియాతో ముడిపెట్టింది.

ఆ మరుసటి నెల, ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజ్ నుంచి సుమారు 150 కోట్ల డాలర్ల ఇథర్ పోయిన తీరూ దాదాపు ఇదే. సేఫ్ అనే బహుళ సంతకాల వాలెట్ సేవకు చెందిన ఒక డెవలపర్ కంప్యూటర్‌ను చేజిక్కించుకున్న దుండగులు, వెబ్ పేజీ కోడ్‌ను మార్చివేశారు. సంతకందారులు కంప్యూటర్ తెర మీద చూసింది ఒకటి, పరికరానికి చేరింది మరొకటి. దీని వెనుక ఉత్తర కొరియా ఉందని ఎఫ్‌బీఐ పేర్కొంది.

యాప్‌లను అనుసంధానించే కోడే విషపూరితమైన సందర్భం 2023 డిసెంబర్ 14న ఎదురైంది. వికేంద్రీకృత యాప్‌లు లెడ్జర్ పరికరాలతో అనుసంధానం కోసం వాడే ‘కనెక్ట్ కిట్’ అనే లైబ్రరీలోకి హానికర కోడ్ చొరబడింది. సంస్థను విడిచిపెట్టిన ఒక మాజీ ఉద్యోగికి ఆ లైబ్రరీని ప్రచురించే అనుమతి ఇంకా మిగిలే ఉంది. అతడిని ఫిషింగ్‌తో బోల్తా కొట్టించి దుండగులు దాన్ని వాడుకున్నారు. ఆ కోడ్ సుమారు ఐదు గంటలు అందుబాటులో ఉంది. దాదాపు 6 లక్షల డాలర్ల నష్టం వాటిల్లింది. అనేక యాప్‌లు ఆ లైబ్రరీ తాజా ప్రతిని ఎప్పటికప్పుడు నేరుగా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునేలా అమర్చుకోవడం వల్లే గంటల్లో అంత వ్యాపించింది. పరిశీలించిన ప్రతిని ఒకదాన్ని స్థిరంగా ఉంచుకున్న యాప్‌లకు ఆ రోజు ఏమీ కాలేదు.

ప్రవేశం తరువాత

లాగిన్ పూర్తయ్యాక యాప్ బ్రౌజర్‌కు ఒక సెషన్ టోకెన్ ఇస్తుంది. అక్కడి నుంచి హార్డ్‌వేర్ వాలెట్ పాత్ర ముగుస్తుంది. కంప్యూటర్‌లో చేరిన మాల్‌వేర్ ఆ టోకెన్‌ను కాజేస్తే, పరికరం బీరువాలో ఉన్నా ఖాతా తెరుచుకుంటుంది. అందుకే సెషన్ గడువు తక్కువగా ఉంచి, నగదు ఉపసంహరణ, ఈమెయిల్ మార్పు వంటి పనులకు మళ్లీ కొత్తగా సంతకం అడగడం అవసరం. ఈమెయిల్, వాలెట్ చిరునామాలను ఒకేచోట జతపరిచి దాచుకునే యాప్‌లు 2020 నాటి అనుభవాన్ని గుర్తుంచుకోవాలి. ఆ ఏడాది లెడ్జర్ ఆన్‌లైన్ దుకాణం నుంచి బయటపడిన సమాచారంలో దాదాపు 2.72 లక్షల మంది పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. కీలు భద్రంగానే ఉన్నా, ఎవరి దగ్గర పరికరం ఉందో లోకానికి తెలిసిపోయింది. ఆ తరువాత కొందరి ఇళ్లకు నకిలీ పరికరాలే పార్సిల్‌లో వచ్చాయి.

కేవలం లాగిన్ మాత్రమే కావాలనుకుంటే వెబ్‌ఆథెన్ అనే ప్రమాణం ఉంది. 2019 మార్చిలో డబ్ల్యూ3సీ ఆమోదించిన ఈ పద్ధతిలో సైట్ డొమైన్‌ను బ్రౌజరే నిర్ధారించి సంతకంలో చేరుస్తుంది. మనిషి చదివి పోల్చుకోనక్కర్లేదు. కొన్ని హార్డ్‌వేర్ వాలెట్లు దీనికీ ఉపయోగపడతాయి. ఎక్స్ఛేంజీల వంటి కేంద్రీకృత సేవలకు ఇదే మెరుగైన ఎంపిక. ఖాతా చిరునామా యాజమాన్యాన్నే నిరూపించాల్సిన వికేంద్రీకృత యాప్‌లకు మాత్రం అది సరిపోదు.

పరికరం పోతే?

పరికరం పోయినా, పగిలినా లాగిన్ శాశ్వతంగా పోదు. మొదటిసారి వాడేటప్పుడు రాసుకున్న 12 లేదా 24 పదాలను కొత్త పరికరంలో నమోదు చేస్తే అవే కీలు మళ్లీ పుడతాయి. దొరికిన వారికి పిన్ తెలియాలి. లెడ్జర్‌లో మూడుసార్లు తప్పు కొడితే సమాచారం చెరిగిపోతుంది. ఈ పదాలను ఏ యాప్ అడిగినా, ఏ కారణం చెప్పినా అది మోసమే. వాటిని నమోదు చేయాల్సింది పరికరంలోనే.

పదాల జాబితా బిప్-39 ప్రమాణంలోనిది. మొత్తం 2,048 పదాలు. ఇంగ్లిష్ జాబితాలో మొదటి నాలుగు అక్షరాలతోనే ఏ పదమో తెలిసిపోతుంది. జపనీస్, కొరియన్, స్పానిష్, ఫ్రెంచ్, చెక్ తదితర భాషలకు జాబితాలు ఉన్నా, అందులో ఒక్క భారతీయ భాషా లేదు. తెలుగులో అలాంటిది తయారుచేయడం అనువాదంతో తేలే పని కాదు. హ్రస్వ దీర్ఘాల తేడాతోనే అర్థం మారే పదాలను విడిచిపెట్టాలి. ఒత్తులున్న పదాలను అందరూ ఒకేలా రాయరు. పైగా కంప్యూటర్‌కు ‘కై’లోని ఐత్వం ఒకే గుర్తుగానూ, రెండు గుర్తుల కలయికగానూ అందవచ్చు. రెండూ కంటికి ఒకటే. వాటిని ఏకరూపం చేసే యూనికోడ్ నియమాన్ని ప్రమాణంలో చేర్చారు కానీ, దాన్ని పాటించని యాప్ ఒక్కటి తగిలినా పదాలన్నీ సరిగ్గా ఉండి కూడా వేరే ఖాతా తెరుచుకుంటుంది.

భారత్‌లో ఈ లాగిన్ స్థానం

దేశంలో క్రిప్టో సేవా సంస్థలను 2023 మార్చి 7 నాటి నోటిఫికేషన్‌తో మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు. ఇవి కేంద్ర ఆర్థిక నిఘా విభాగం వద్ద నమోదు కావాలి, ఖాతాదారుల గుర్తింపును ధ్రువీకరించుకోవాలి. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం ఆ గుర్తింపు వివరాలను, లావాదేవీల రికార్డులను ఐదేళ్లు భద్రపరచాలి. వర్చువల్ డిజిటల్ ఆస్తుల లాభాలపై 30 శాతం పన్ను 2022 ఏప్రిల్ నుంచి, బదిలీలపై 1 శాతం టీడీఎస్ అదే ఏడాది జులై నుంచి అమలులో ఉన్నాయి. ఇవన్నీ పాన్‌తో ముడిపడినవి. ఒక చిరునామా తాళంచెవి ఎవరి చేతిలోనో ఉందని మాత్రమే పరికరం సంతకం నిరూపిస్తుంది. ఆ చేయి ఎవరిదో దానికి తెలియదు. అందువల్ల ఇక్కడి ఎక్స్ఛేంజీలలో హార్డ్‌వేర్ వాలెట్ లాగిన్‌ను ప్రవేశపెట్టినా, అది పాన్, గుర్తింపు పత్రాల తనిఖీ పూర్తయిన ఖాతాకు అదనపు తాళంగానే ఉంటుంది.